ఆఖరి అంశం

లేవకూడదు. లేస్తే అంతా పోతుంది. పానా మోకాలి మీద మోకాలు వేసుకున్నాడు, తీసేశాడు, రెండు పాదాలూ నేలకి అదిమిపెట్టి కూర్చున్నాడు. మడత కుర్చీ. దాని ఇనుప కడ్డీ సరిగ్గా తొడ కింద ఒత్తుతోంది. వేదిక మీద ప్రెసిడెంటు మురుగుకాలవ గురించి మాట్లాడుతున్నాడు. మాట్లాడనీ. పోయినసారీ ఇంతసేపే మాట్లాడాడు. కాలవ అక్కడే ఉంది, కంపూ అక్కడే ఉంది. ఇవాళ ఆ కాలవ మీద అంత ప్రేమ ఎందుకు పొంగుకొచ్చిందో హాల్లో అందరికీ తెలుసు, ఎవరూ అనరు. కార్యక్రమం కాగితంలో అట్టడుగున ఇంకొక్క అంశం మిగిలింది. దాని దాకా వచ్చేసరికి కుర్చీలు ఖాళీ అయిపోవాలి. పార్టీ కమిటీలో సగం మంది హాల్లో లేకపోతే ఓటు చెల్లదు. చెల్లకపోతే అంశం వచ్చే సమావేశానికి పోతుంది. చట్టసభలో బిల్లు మీద ఓటింగు రేపు. ఇద్దరు ఆడవాళ్లు కాపురం చేస్తున్నా, ఇద్దరు మగవాళ్లు చేస్తున్నా, మొగుడూ పెళ్లాలకి ఉన్న హక్కులన్నీ వాళ్లకీ ఉండాలనే బిల్లు. అటూ ఇటూ సమానంగా తూగుతోందట. ఈ ప్రాంతం నించి గెలిచిన సభ్యుడు తెలివైనవాడు. నాదేముంది, నా కమిటీ ఏం తీర్మానిస్తే అదే అని కమిటీ మీదకి తోసేశాడు. కమిటీ మురుగుకాలవ మీదకి తోసేసింది. తలుపు దగ్గర గుమాస్తా నిలబడ్డాడు. తలుపు కిర్రుమన్నప్పుడల్లా పెన్సిలుతో గాల్లో తలలు లెక్కపెట్టుకుంటున్నాడు. పానా కూడా లెక్కపెట్టుకున్నాడు. తనతో కలిపి సరిపోతారు. తను లేకపోతే సరిపోరు. ఇంత పెద్ద బిల్లు, ఇన్ని జీవితాలు, చివరికి ఒక ముసలివాడి మూత్రసంచి మీద ఆగాయి. ఛీ.

పక్క కుర్చీలో టైలరు చెవి దగ్గరికి వంగాడు. "వెళ్లిరా బావా. ఎంతసేపు పడుతుంది? కాలవ ఇంకా సగంలోనే ఉంది."

"నేను గుమ్మం దాటగానే కాలవ ఎండిపోతుంది."

టైలరు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. నవ్వే మాట కాదు. నిరుడు బడి గోడ తీర్మానం అలాగే పోయింది. ఫోను మోగిందని ఒకావిడ వరండాలోకి వెళ్లింది. అప్పటిదాకా దగ్గుతూ, నీళ్లు తాగుతూ కాలం గడుపుతున్న ప్రెసిడెంటుకి ఉన్నట్టుండి గొంతు బాగైపోయింది. అంశం చదివాడు, గుమాస్తా లెక్క చాలదన్నాడు, ఆవిడ ఫోను పెట్టేసి వచ్చేసరికి కుర్చీలు మడుస్తున్నారు. ఆ ఫోను చేసింది ప్రెసిడెంటు తమ్ముడే. పెద్ద రహస్యమేం కాదు, తమ్ముడే చెప్పుకుని తిరిగాడు. రాజకీయమంటే అదీ అన్నాడు. అవును, అదే. తలుపు దగ్గర కాపలా కాయడం. ఎవడు ఎప్పుడు బయటికెళ్తాడో చూసుకోవడం. పార్టీలో చేరినరోజు జెండా మోసి భుజం వాచింది, ఆ వాపుని నాలుగు రోజులు అందరికీ చూపించుకున్నాడు తను. ఏం చూసి మోశాడు? అందరూ సమానం అని గుడ్డ మీద రాసి ఉంది. ఊళ్లో బడికి వెళ్లినవాడు, అక్షరాలు కూడబలుక్కుని చదివాడు, నిజమనుకున్నాడు. గుడ్డ మీద ఏదైనా రాయొచ్చని ఆ బళ్లో ఎవరూ చెప్పలేదు.

మళ్లీ టీ వచ్చింది. ఈసారి కోశాధికారే స్వయంగా పట్టుకొచ్చింది, మందుల షాపావిడ. "అన్నయ్యా, వేడిగా ఉంది, తీసుకోండి. ప్రెసిడెంటు గారు మీకోసం ప్రత్యేకంగా చెప్పారు."

"ఆయన్నే తాగమను."

"చక్కెర తక్కువే వేయించాను."

"ఏమమ్మా, నాకు మాత్రలు ఇచ్చేది నువ్వేగా? ఏ జబ్బుకో నీకు తెలీదూ?"

ఆవిడ ముఖం ఎర్రబడింది. ఆ కప్పు ఎక్కడ పెట్టాలో తెలీక నిలబడింది. టైలరు చెయ్యి చాపి అందుకున్నాడు. "ఇటివ్వమ్మా, వృథా ఎందుకు" అని గటగటా తాగేశాడు. ముందు వచ్చిన కప్పూ వాడే తాగాడు. వాడి మీద ఒక పక్క ప్రేమ, ఒక పక్క భయం. "నువ్వు గనక లేచావో" అన్నాడు పానా. "నా సంచి గట్టిది బావా, ఇంకో కెటిల్ పడుతుంది" అన్నాడు టైలరు. బావ అంటాడు గాని చుట్టరికం లేదు. వేదిక మీద ఉన్నవాడూ బావా అనే అంటాడు. ఆ మధ్య పార్టీ మహాసభకి ఒకే బస్సులో వెళ్లారు. పానా కోసం దారిలో బస్సు ఎన్నిసార్లు ఆపాల్సొచ్చిందో ప్రెసిడెంటు చూశాడు, పైగా డ్రైవరుతో తనే చెప్పి ఆపించాడు, పాపం పెద్దాయన అని. ఆ పాపం అన్న నోటితోనే ఇవాళ టీ పంపిస్తున్నాడు. మనిషి జబ్బు కూడా వీళ్లకి పనికొచ్చే సమాచారమే.

వరండాలో కొళాయి కారుతోంది. టప్. ఆగి, టప్. వాషరు పోయింది. ఎవడు బిగించాడో గాని అతి చేసి బిగించాడు, రబ్బరు నలిగిపోయింది, ఇక ఎంత తిప్పినా ఆగదు. వయసంతా కొళాయిలు ఆపుతూ గడిపిన చెవి, మురుగుకాలవ ఉపన్యాసం వినమంటే వినదు, దీన్నే వింటుంది. టప్. చెయ్యి ఊరుకోవడం లేదు, జేబులో పానా ఉన్నట్టు తడుముకుంటోంది. ఆ పానా పట్టుకుని ఇంటింటికీ తిరిగినందుకే ఆ పేరు, అసలు పేరు ఓటరు జాబితాలో తప్ప ఎక్కడా బతికి లేదు. పెద్దదానితో ఉండే ఆ పిల్ల మొదటిసారి ఇంటికి వచ్చింది కూడా పానా చేతికి అందించడానికే. పెద్దది వెంటబెట్టుకొచ్చింది. పెద్దదంటే కూతురు, ఒక్కతే, అయినా పెద్దదే. కళ్లజోళ్ల షాపులో అద్దాలు అరగదీస్తుంది, ఎదుటివాడి కంటికి కొలత తెలుసు దానికి. పక్కనున్నది బస్సు డ్రైవరు, పొట్టి జుట్టు, బలమైన ముంజేతులు. నాన్నా, నా స్నేహితురాలు అంది. తను సింకు కింద పడుకుని ఉన్నాడు. ఆ పిల్ల నమస్కారాలేం పెట్టకుండా వంగి, అది కాదు బాబాయ్, పెద్ద సైజుది కావాలి అని సరైన పానా తీసి చేతిలో పెట్టింది. లేచి చూసేసరికి ఆవిడ, పెళ్లాం, ఇద్దరికీ అన్నం వడ్డిస్తోంది. ఆవిడకి అప్పుడే తెలిసిపోయింది. తనకి చాలా రోజులు పట్టింది. తెలిశాక ఏం చేశాడు? వాళ్లింట్లో కొళాయి కారుతోందంటే వెళ్లి వాషరు మార్చాడు. అంతకన్నా ఏం చెయ్యాలి? అందులో చెయ్యడానికి ఏముంది? ఇద్దరు మనుషులు, ఒక ఇల్లు, ఒక కొళాయి.

అద్దెకిచ్చే ఇంటివాడికి మాత్రం చాలా ఉంది. ఇద్దరూ ఎవరమ్మా? అక్కచెల్లెళ్లం. ముఖాలు కలవలేదే? పెదనాన్న కూతురు. ఇంకో ఇంటివాడికి ఒకే ఆఫీసు అని చెప్పారు. ఇంకోడికి ఒకావిడ అద్దెకి, ఒకావిడ తోడుకి. చేసుకున్న కాపురం ఒకటే, చెప్పిన అబద్ధాలే గంపెడు. దొంగతనం చేసినవాడు కూడా ఇన్ని అబద్ధాలాడడు. ఇప్పుడు పాప ఉంది. డ్రైవరు కన్నది. కన్నది అది, రాత్రిళ్లు భుజానేసుకుని తిరిగింది పెద్దది. పాపకి ఇద్దరూ అమ్మలే, ఒకరు అమ్మ, ఒకరు బస్సమ్మ. తనని తాతా అంటుంది. చెవి పట్టుకుని మెలితిప్పుతుంది. వచ్చే వారం బస్సమ్మకి గుండె ఆపరేషను. వాల్వు మార్చాలన్నాడు డాక్టరు. వాల్వంటే తనకి తెలుసు, అందుకే భయం. మార్చిన ప్రతి వాల్వూ పట్టదు. ఆ సంగతి తెలిసి డ్రైవరు అన్న కబురు పంపాడు. మా చెల్లికేమన్నా అయితే పాప మాది. ఆ అన్న పాప ముఖం చూడలేదు. చెల్లెలి గుమ్మం తొక్కలేదు, అసహ్యమట. ఇల్లు అసహ్యం, పాప మాత్రం కావాలి. వకీలు దగ్గరికి వెళ్తే, ఇప్పుడున్న చట్టం ప్రకారం ఆయన మాటే చెల్లుతుంది అన్నాడు. మరి ఇది? అని పెద్దదాన్ని చూపించాడు పానా. ఈవిడ చట్టం దృష్టిలో పరాయి మనిషండీ అన్నాడు. మర్యాదగానే అన్నాడు. కాఫీ కూడా ఇచ్చాడు. పరాయి మనిషి. పెద్దది ఏడవలేదు, వకీలు కళ్లజోడు వైపు చూసి, మీ ఎడమ అద్దం సరిగ్గా కుదర్లేదండీ అంది. దాని మొండితనం తన మొండితనమే. రేపు ఆ బిల్లు నెగ్గితే, డ్రైవరు ఆపరేషను బల్ల ఎక్కేలోపల ఇద్దరూ వెళ్లి సంతకాలు పెట్టొచ్చు, పాపకి చట్టంలోనూ ఇద్దరమ్మలుంటారు. నెగ్గకపోతే పాప ఆ వాల్వు మీద ఆధారపడి బతకాలి.

నువ్వు వెళ్లొద్దు నాన్నా, అంతసేపు కూర్చోలేవు అంది పెద్దది. కూర్చోలేడట. కూర్చున్నాడు చూడు. కడుపు కింద రాయి పెట్టినట్టుంది. రాయి కాదు, మండుతున్న ఇటుక. చెమట పడుతోంది, మెడ వెనక, ఫ్యాను గాలికి చల్లబడుతోంది. పెళ్లాం ఆస్పత్రిలో ఉన్నప్పుడు కూడా ఇలాంటి ఫ్యానే, టకటకమంటూ. నర్సు వచ్చి, మీరు భర్తా? అంది. అవునన్నాడు. అంతే, తలుపులు తెరుచుకున్నాయి. లోపలికి రండి, ఇక్కడ సంతకం, ఈ మందుకి ఒప్పుకుంటారా, ఆ గొట్టం తీసెయ్యమంటారా, అన్నీ తననే. తనూ ఆవిడా మనసు విప్పి మాట్లాడుకుని ఎన్నేళ్లయిందో ఎవరూ అడగలేదు. చెరో గోడ వైపు తిరిగి పడుకునేవాళ్లు. ఆవిడ మాటలన్నీ ఆ పిల్లతోనే, డ్రైవరుతోనే. డ్యూటీ దిగి ఖాకీ బట్టలతోనే వచ్చేది, ఆవిడకి ఒళ్లు తుడిచేది, చిక్కు పడ్డ జుట్టు ఓపిగ్గా దువ్వేది, బస్సులో ఎక్కిన తాగుబోతుల కథలు చెప్పి నవ్వించేది. చివరికి ఆ తలుపు దగ్గర దాన్ని ఆపేశారు. బంధువులు మాత్రమే. ఒక్క మాటకి లోపలికి వెళ్లింది తను, ఆవిడ కళ్లు వెతికింది దాన్ని. ఆ చూపు వదలదు. ఇక ఆవిడని సాగనంపే రోజున ఏర్పాట్లన్నీ ప్రెసిడెంటే చూశాడు, పార్టీ కుటుంబం అని. బంధువులు ఇటు, మిగతావాళ్లు అటు అని చేతులూపుతూ జనాన్ని సర్దాడు. తర్వాత ఫొటోలో చూశాడు తను. పెద్దది ముందు వరసలో ఒంటరిగా, ఆ పిల్ల ఎక్కడో వెనక, గేటు పక్కన, సైకిళ్ల మధ్య. అడిగితే, అలా కాదు బావా, పదిమందీ చూస్తారు, బాగుండదు అన్నాడు ప్రెసిడెంటు. బాగుండదట. ఆరోజు నించి వీడి చేతి నీళ్లు ముట్టలేదు. చచ్చేదాకా ముట్టడు. పోయినావిడ తిరిగి రాదు, ఆ నిలబెట్టిన చోటూ మారదు.

అదే ప్రెసిడెంటు ఎన్నికలకి డ్రైవరు కావాలంటే మాత్రం ఇంటికొచ్చాడు. ప్రచారం వ్యాను తోలేది ఎవరు? అది. సెలవు పెట్టుకుని మరీ తోలింది. పెద్దది పక్కన కూర్చుని మైకులో మాట్లాడింది. అందరికీ సమాన హక్కులు అని వాగ్దానాల కాగితంలో ఒక వాక్యం ఉంది, అది చూసి సంబరపడ్డారు పిచ్చిముండలు, ఇదిగో నాన్నా, మన గురించే అని వేలు పెట్టి చూపించారు. గెలిచాక ఆ వాక్యం ఏమైంది? సమయం కాదు. ముందు రోడ్లు. తర్వాత సమయం కాదు, ముందు ధరలు. తర్వాత ఎన్నికలు దగ్గర పడ్డాయి, ఓట్లు పోతాయి. అవతలి పార్టీ నయం. వాళ్లు ముఖం మీదే ఉమ్మేస్తారు, తుడుచుకుని కొట్లాడొచ్చు. మూడో పార్టీ ఆ ఇద్దరూ ఏం చేస్తారో చూసి చెబుతానంటుంది, అది పుట్టినప్పటి నించీ చూస్తూనే ఉంది. వీళ్లు మాత్రం భుజం మీద చెయ్యి వేస్తారు. మీ అమ్మాయి మాకు తెలీదా, బంగారం, మేం మీ వైపే, అంటారు. వైపే ఉంటారు, ఎప్పుడూ పక్కకి రారు. వరండాలో ఒక్కొక్కడూ వచ్చి చెవిలో చెప్పాడు, నా ఓటు నీకే పానా అని. గట్టిగా చెప్పరా అంటే ఒక్కడికీ గొంతు లేదు. హక్కు అంటే ఏదో తన జేబులోంచి తీసి ఇచ్చే చిల్లర అనుకుంటాడు ప్రతివాడూ. ఎవడి సొమ్మురా అది? టప్. వరండాలో మళ్లీ. టప్.

"ఒక పది నిమిషాలు విరామం తీసుకుందామా?" ప్రెసిడెంటు మైకులోంచి అడిగాడు. నవ్వుతున్నాడు. "మన పానా బావ ఇందాకటి నించి తెగ ఇబ్బంది పడుతున్నాడు. పెద్దవాడు, చూడలేకపోతున్నాం."

హాల్లో నవ్వులు. వెనక ఎవడో, "వాల్వు లూజయిందేమో!" అన్నాడు. ఇంకా నవ్వులు. అప్పుడే ఇద్దరు సగం లేచారు, విరామం అనగానే ఇంటికి పోవడానికి.

"వద్దు" అన్నాడు పానా. మైకు లేకుండానే అంతటా వినపడింది. "నా ఇబ్బంది నేను చూసుకుంటా. నువ్వు కాగితం చదువు."

లేచినవాళ్లు కూర్చున్నారు. ప్రెసిడెంటు నవ్వు అలాగే ఉంచుకుని కాలవ దగ్గరికి తిరిగి వెళ్లాడు. వాడికి తొందర లేదు, పానాకి ఉంది. నీళ్లు మనిషి మాట వినవు. ఎక్కడ సందు దొరికితే అక్కడికి పోతాయి, ఎంత మంచి బిగింపుకైనా ఒక హద్దు ఉంది. ఏదైనా వేరే ఆలోచించాలి. ఎండిపోయిన చోటు. ఇసుక. పాప ఇసుకలో ఇల్లు కట్టి, తాతా ఇక్కడ కొళాయి పెట్టు అంటుంది. కొళాయి వద్దమ్మా, ఇంకేదైనా అడుగు. ఆవిడ దువ్వెన. డ్రైవరు వేళ్లు. పళ్లు బిగించాడు, దవడ నొప్పి పుట్టింది, కళ్ల ముందు వేదిక మీద జెండా రెండుగా కనిపించింది, ఇంకొంచెం, ఇంకొక్క కాస్త, వీడికి గొంతు ఎండదా, దేవుడా, నేను నిన్ను ఎప్పుడూ ఏమీ అడగలేదు. అడగలేదు కాబట్టి వినే అలవాటు ఆయనకీ లేదు. వెచ్చగా మొదలైంది. ఆపుదామనుకున్నాడు. ఆగలేదు. తొడల వెంట, మోకాళ్ల దాకా, మేజోళ్లలోకి. నొప్పి పోయింది. ఎంత హాయి, ఎంత సిగ్గు, రెండూ ఒకేసారి. కుర్చీ కింద నేల మీద సన్నగా పారింది. చిన్నపిల్లాడప్పుడు బడిలో కూడా ఇలా కాలేదు. టైలరు చూశాడు. కొలతల టేపూ కత్తెరా ఉండే గుడ్డ సంచి తీసి నెమ్మదిగా పానా ఒళ్లో పెట్టాడు. కప్పులో మిగిలిన టీ చుక్కలు నేల మీద ఒంపి, "అరే, ఒలికిపోయింది" అన్నాడు గట్టిగా. వాడికి అంత బుద్ధి ఉందని ఇన్నాళ్లూ తెలీదు.

కాలవ అయిపోయింది. ఇక చెప్పడానికి ఏమీ మిగల్లేదు. ప్రెసిడెంటు తలుపు వైపు చూశాడు. గుమాస్తా పెన్సిలుతో లెక్కపెట్టి, నీళ్లు నములుతూ, "సరిపోయారండీ" అన్నాడు. ప్రెసిడెంటు ఆఖరి అంశం చదివాడు, మందు సీసా మీద చీటీ చదివినట్టు. తర్వాత పానా వైపు చూశాడు. ఒళ్లో సంచిని చూశాడు. కుర్చీ కింద నేలని చూశాడు. చూసి కాగితం సర్దుకున్నాడు.

"ఇది ముఖ్యమైన విషయం కాబట్టి" అన్నాడు, "చేతులెత్తడం కాకుండా, సమర్థించేవాళ్లు లేచి నిలబడాలి."

ఈ కమిటీలో ఎప్పుడూ లేదు అది. ఎప్పుడూ చేతులే. చెయ్యి అయితే సగం ఎత్తొచ్చు, తల గోక్కుంటున్నట్టు ఎత్తొచ్చు. నిలబడ్డవాడు మాత్రం రేపు వీధిలో కూడా నిలబడ్డవాడే. ఒక్క కుర్చీ కదల్లేదు. చెవిలో చెప్పినవాళ్లందరూ బూట్లు చూసుకుంటున్నారు. ముందు లేవాల్సినవాడు లేవడని వీడి ధీమా. అంత బాగా తెలుసు వీడికి తన సంగతి, తన జబ్బు, తన పరువు, ఒక్కటి తప్ప. పదిమందీ చూస్తారు, బాగుండదు. చూడండి.

పానా సంచి తీసి టైలరు ఒళ్లో పెట్టాడు. ముందు కుర్చీ వీపు పట్టుకుని లేచాడు. బూడిదరంగు ప్యాంటు, మోకాళ్ల దాకా నల్లగా. అంచు నించి ఒక చుక్క బూటు మీద పడింది. ఫ్యాను గాలికి కాళ్లు జిల్లుమన్నాయి. వెనక ఎవడో నవ్వాడు. ఆ నవ్వు మధ్యలోనే తెగిపోయింది. పానా నిటారుగా నిలబడి వేదిక వైపే చూశాడు. చూసుకో. బాగా చూసుకో. సైకిళ్ల మధ్య నిలబడటం కన్నా ఇదేం పెద్ద సిగ్గు కాదు. పక్కన కుర్చీ కిర్రుమంది, టైలరు. తర్వాత వెనకెక్కడో ఇంకోటి. ఇంకోటి. మందుల షాపావిడ గాజులు గలగలమన్నాయి. ఆ తర్వాత కుర్చీలన్నీ కలిసిపోయిన చప్పుడు. పానా తిరిగి చూడలేదు. లేచినవాళ్ల మీదా ఒళ్లు మండింది. ముసలివాడి ప్యాంటు తడిస్తే గాని లేవని కాళ్లు. క్షమించేది లేదు, ఒక్కణ్నీ.

గుమాస్తా లెక్కపెట్టాడు. ప్రెసిడెంటు మళ్లీ లెక్కపెట్టమన్నాడు. మళ్లీ లెక్కపెట్టాడు. "నెగ్గిందండీ" అన్నాడు గుమాస్తా. ప్రెసిడెంటు మైకులో, "తీర్మానం నెగ్గింది, లేచినవాళ్లు కూర్చోవచ్చు" అన్నాడు. కుర్చీలు సర్దుకున్నాయి. పానా నిలబడే ఉన్నాడు.

"అయిపోయింది బావా. కూర్చో."

"రాయి."

"రేపు పొద్దున గుమాస్తా రాసి సభ్యుడికి పంపిస్తాడు, నువ్వు ముందు ఇంటికెళ్లి..."

"ఇప్పుడు రాయి. నా ముందు సంతకం పెట్టు. సంతకం అయ్యేదాకా ఇలాగే నిలబడతా."

ప్రెసిడెంటు ఒక కాగితం ముందుకు లాక్కున్నాడు. కలం కోసం బల్లంతా తడిమాడు. కాగితాల కింద చూశాడు, గ్లాసు పక్కన చూశాడు.

"నీ చొక్కా జేబులో ఉంది" అన్నాడు పానా.